హిమాలయములపై మెసాను అన్వేషణ

పరమాణు కేంద్రకమున ప్రోటానులతో బాటు న్యూట్రానులును గలవని 1932లో జేమ్స్ చాడ్విక్ పరిశోధనవలన తేలినది. అంతట నొక సందేహము తలయెత్తినది. ప్రోటానులన్నియు ధనవిద్యుత్తు గలవి. సజాతి విద్యుత్తులు ఒకదానినొకటి నెట్టివేయును. అట్లయ్యు నవి యంత యిరుకుచోట చెదరిపోక యెట్లు నిలిచియున్నవి?

జపాను శాస్త్రజ్ఞుడు హిడెకి యుకావా 1935లో దీనికి సమాధానము సూచించెను. అత్యల్ప దూరమున మాత్రమే పనిచేయు ప్రబలశక్తి యొకటి వానిని బంధించుచున్నది. ఆ శక్తిని చేరవేయు కణము ఎలక్ట్రానుకంటె సుమారు 200 రెట్లు బరువుండవలెను. ఎలక్ట్రానుకును ప్రోటానుకును నడిమిది గనుక అట్టి కణమునకు మెసానను పేరు కలిగినది. 1937 నాటికి విశ్వకిరణములలో ఇంచుమించు అదే బరువుగల కణము కానవచ్చుటతో, యుకావా కణము దొరకినదని పలువురు తలంచిరి.

ఆ కాలమున కలకత్తాలోని బోస్ విజ్ఞానమందిరమున దేవేంద్రమోహన బోసును, ఆయన శిష్యురాలు బిభా చౌధురియు ఈ కణముల బరువును నిర్ణయింప పూనుకొనిరి. వారి సాధనము ఖరీదైన యంత్రము గాదు. ఛాయాచిత్రములు తీయు ఫలకము. దార్జిలింగు, సందక్‌ఫూ వంటి ఉన్నత ప్రదేశములలో ఫలకములను నెలల తరబడి ఉంచిరి. కణము చొచ్చిపోయిన దారిలో వెండిరేణువులు నల్లని చుక్కల వరుసగా తేలును. సూక్ష్మదర్శినిలో ఆ చుక్కల సాంద్రతను, దారి వంపులను కొలిచి, కణము బరువు ఎలక్ట్రానుకు రమారమి 200 రెట్లని అంచనా వేసిరి. ఆ ఫలితములు 1941, 1942 సంవత్సరములలో ‘నేచర్’ పత్రికయందు ప్రకటితములైనవి.

కాని అది యుద్ధకాలము. మేలురకపు ఫలకములు లభింపలేదు. ఉన్నవానితో అంతకుమించిన సూక్ష్మ నిర్ణయము సాధ్యపడలేదు. 1947లో బ్రిస్టలు నగరమున సెసిల్ పవెల్ బృందము మెరుగైన ఫలకములతో అసలు రహస్యమును ఛేదించినది. మెసానులుగా తలచినవి రెండు తెగలు: ఎలక్ట్రానుకు సుమారు 273 రెట్లు బరువైన పై-మెసాను, అది క్షయించగా పుట్టెడు 207 రెట్ల మ్యూ-కణము. మొదటిదే యుకావా కణము. 1937లో కానవచ్చినది రెండవది. కేంద్రక బంధనముతో దానికి సంబంధము లేదు. యుకావాకు 1949లోను, పవెల్‌కు 1950లోను నోబెల్ బహుమానములు లభించినవి.

పై-మెసానును కలకత్తా వారే కనుగొనిరనుట అతిశయోక్తి యగును. వారి ఫలకములు ఆ రెండింటిని వేరుచేసి చూపలేకపోయినవి. అయినను ఆ మార్గమున వారు ముందు నడచినవారనుట సత్యము. పవెల్ సయితము తన గ్రంథమున దీనిని అంగీకరించెను. బిభా చౌధురి 1991లో గతించెను. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘము ఒక నక్షత్రమునకు ‘బిభా’ అని నామకరణము చేసినది. ఆలస్యముగానైనను ఆ గౌరవము తగినదే. విజయము పొందినవారి పేళ్లతో బాటు దారి చూపినవారి పేళ్లను గూడ, ఉన్నదున్నట్లుగా, చెప్పినప్పుడే చరిత్ర సమగ్రమగును.