ఏటీవీ రైడ్‌లో చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటున్నారా? ఆ పొడవాటి సీటు ఇద్దరి కోసం కాదు!

వీకెండ్ వస్తే చాలు.. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు రిసార్టులకు కార్లు క్యూ కడతాయి. అక్కడికి వెళ్లాక పిల్లలు ముందుగా పరిగెత్తేది లావు టైర్ల బండి దగ్గరికే. అదే ఏటీవీ.. అంటే ఆల్ టెరైన్ వెహికల్. గోవా వెళ్లినా, మనాలి దగ్గర సోలాంగ్ వ్యాలీకి వెళ్లినా ఈ రైడ్ కనిపిస్తుంది. టికెట్ తీసుకోవడం, మూడేళ్ల పాపను ముందు, ఆరేళ్ల బాబును వెనక కూర్చోబెట్టుకుని ఓ రౌండ్ వేయడం, వీడియో తీసి స్టేటస్ పెట్టడం.. చాలా కుటుంబాల్లో జరిగేది ఇదే.

కానీ బండి మీద అతికించి ఉన్న వార్నింగ్ స్టిక్కర్‌ను చదివేవాళ్లు తక్కువ. ఒక్కరి కోసం తయారుచేసిన ఏటీవీలపై పేరున్న కంపెనీలన్నీ రాసే మాట ఒకటే.. వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు అని. పిల్లలకే కాదు, పెద్దలకూ ఇదే రూల్. మరి ఎందుకిలా? పిల్లలతో వెళ్లినప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు? వివరంగా తెలుసుకుందాం.

సీటు అంత పొడవు ఎందుకు?

ఏటీవీ సీటు చూడగానే బైక్ సీటులాగే ఇద్దరికి సరిపోతుంది అనిపిస్తుంది. అసలు పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఆ పొడవు రెండో మనిషి కోసం కాదు.. నడిపేవాళ్లు ముందుకీ వెనక్కీ జరగడం కోసం. ఎత్తు ఎక్కేటప్పుడు ఒంటిని ముందుకు వంచాలి. దిగేటప్పుడు వెనక్కి జరగాలి. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపుకు ఒరగాలి. ఏటీవీని హ్యాండిల్‌తో పాటు ఒంటి బరువుతో కూడా నడపాలి. ఇలా జరగకపోతే బండి పక్కకు ఒరిగిపోవచ్చు, లేదా వెనక్కి తిరగబడొచ్చు.

ఇప్పుడు ముందు ఒకరు, వెనక ఒకరు ఉంటే నడిపేవాళ్లు జరగడానికి చోటేది? పైగా వెనక బరువు పెరగడంతో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలికైపోతాయి. ముందు చక్రాలు తేలికైతే హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. చాలా ఏటీవీల్లో వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌పై ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కాస్త జారుతుంది కాబట్టి మలుపు తిరుగుతుంది. తారు రోడ్డు మీద అలా జారదు. అందుకే గట్టి రోడ్డు మీద వేగంగా తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ.

ముందు కూర్చోబెడితే ఏమవుతుంది?

'చేతుల మధ్యలోనే ఉంటాడు కదా, ఏం కాదులే' అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి చిన్నపిల్లలకు ఇది ప్రమాదకరమైన చోటు.

చాలా ఏటీవీల్లో యాక్సిలరేటర్ బైక్‌లా తిప్పేది కాదు. కుడి చేతి బొటనవేలితో నొక్కే చిన్న లివర్ ఉంటుంది. ముందు కూర్చున్న పిల్లలు భయపడినా, కుదుపు వచ్చినా చేతికి దొరికిందాన్ని గట్టిగా పట్టుకుంటారు. దొరికేది హ్యాండిల్. ఆ పట్టుకోవడంలో లివర్ నొక్కుకుపోతే బండి ఒక్కసారిగా దూసుకెళ్తుంది. రిసార్టుల్లో తిప్పేవాటిలో చాలావరకు ఆటోమేటిక్ బండ్లే. క్లచ్ పట్టుకుని ఆపే అవకాశం ఉండదు.

బండి దేనికైనా గుద్దుకుంటే పిల్లల ఛాతీ, పొట్ట నేరుగా హ్యాండిల్‌కు తగులుతాయి. వెనక నుంచి పెద్దవాళ్ల బరువు కూడా వాళ్ల మీదే పడుతుంది. కాపాడతాయి అనుకున్న చేతులే ఆ క్షణంలో బిగుసుకుపోతాయి.

వెనక కూర్చోబెడితే?

ఫుట్‌రెస్ట్‌లు నడిపేవాళ్ల కాళ్లకు తగ్గట్టు ఉంటాయి. చిన్నపిల్లల కాళ్లు అందవు. వేలాడే కాలు వెనక చక్రానికి, వేడెక్కిన సైలెన్సర్‌కు దగ్గరగా ఉంటుంది. పట్టుకోవడానికి నాన్న చొక్కా తప్ప వేరే ఏమీ ఉండదు. గుంతలో చక్రం పడితే పిల్లలు గాల్లోకి లేస్తారు. ముందు చూస్తూ బండి నడుపుతున్నవాళ్లకు వెనక పట్టు జారిన విషయం వెంటనే తెలియదు కూడా.

వెనక కనిపించే ఇనుప క్యారియర్ సంగతి సరేసరి. అది సామాను కోసం. దాని మీద మనుషులు కూర్చోకూడదు.

స్కూటర్ మీద తీసుకెళ్తాం కదా.. ఇదేంటి తేడా?

ఇది సహజంగా వచ్చే డౌట్. మన దేశంలో టూవీలర్‌పై చిన్నపిల్లల కోసం ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 ఫిబ్రవరిలో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు..

- పిల్లలకు సేఫ్టీ హార్నెస్ వేసి, దాని బెల్టులు నడిపేవాళ్లకు కట్టుకోవాలి.
- 9 నెలలు దాటిన పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి.
- వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

నాలుగేళ్లు దాటినవాళ్లకు టూవీలర్‌పై హెల్మెట్ ఎలాగూ తప్పనిసరి. అయితే ఇదే హార్నెస్ తీసుకెళ్లి ఏటీవీ మీద కూడా కట్టేసుకుంటే సేఫ్ అనుకోవద్దు. రెండో మనిషి కూర్చుంటారనే లెక్కతోనే స్కూటర్‌ను తయారుచేస్తారు. సింగిల్ సీటర్ ఏటీవీ అలా కాదు. పైగా ఏటీవీకి సీటు బెల్టు ఉండదు, ఎందుకంటే బండి తిరగబడితే నడిపేవాళ్లు దాని కింద చిక్కుకోకుండా దూరంగా పడాలి. ఒంటికి కట్టేసుకుంటే పెద్దలూ పిల్లలూ ఇద్దరూ బండి కిందే ఉండిపోతారు. పెద్ద ఏటీవీల బరువు 300 కిలోల దాకా ఉంటుంది. అంత బరువు ఓ పసివాడి ఛాతీ మీద పడితే ఎముక విరగకపోయినా ఊపిరి ఆడదు.

ఇద్దరి కోసం తయారైనవి లేవా?

ఉన్నాయి. టూ-అప్ ఏటీవీలు అంటారు. వీటి చట్రం పొడవుగా ఉంటుంది. వెనక మనిషికి వేరే సీటు, ఆనుకోవడానికి దిండు, చేతి పిడులు, ఫుట్‌రెస్ట్‌లు ఇస్తారు. అయితే వీటి మాన్యువల్స్‌లో కూడా 12 ఏళ్లలోపు పిల్లల్ని వెనక ఎక్కించుకోవద్దనే సాధారణంగా ఉంటుంది. 12 దాటినా పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఆనాలి, చేతులు పిడులకు అందాలి.

ఇంకో రకం సైడ్-బై-సైడ్ బండ్లు. చిన్న జీపులా స్టీరింగ్, పక్కపక్కన సీట్లు, సీటు బెల్టులు, పైన ఇనుప పైపుల ఫ్రేమ్ ఉంటాయి. పిల్లలతో వెళ్లాలంటే ఏటీవీ కన్నా ఇది నయం. కానీ ఇక్కడా ఓ పరీక్ష ఉంది. పిల్లలు సీటులో వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు పాదాలు కింద ఫ్లోర్‌కు ఆనాలి, చెయ్యి పిడికి అందాలి, బెల్టు మెడకు కాకుండా భుజం మీదుగా రావాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ బిడ్డ ఆ సీటుకు ఇంకా చిన్నే. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అసలు వద్దు.

పిల్లలే నడిపితే?

అమెరికాలో ఏటీవీలు 1970ల నుంచే అమ్ముడవుతున్నాయి. మొదట్లో మూడు చక్రాల బండ్లు వచ్చాయి. అవి తేలిగ్గా తిరగబడుతుండటంతో ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు మూడు చక్రాల బండ్ల అమ్మకాలు ఆపేశాయి. ఇప్పుడు అక్కడ పిల్లల ఏటీవీలకు 6 ఏళ్లు దాటినవాళ్లకు, 10 దాటినవాళ్లకు, 12 దాటినవాళ్లకు అంటూ వేర్వేరు కేటగిరీలు ఉన్నాయి. ఆరేళ్ల కేటగిరీ బండి గంటకు సుమారు 24 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు. లిమిటర్ పెడితే సుమారు 16 కిలోమీటర్లకే ఆగిపోవాలి.

అయినా అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 'అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్' మాట ఇంకా గట్టిగా ఉంది. 16 ఏళ్లలోపు పిల్లలు ఏటీవీ నడపొద్దు, పాసింజర్లను ఎక్కించొద్దు అన్నదే ఆ సంఘం సలహా. అన్ని వయసులవారినీ కలిపితే ఆ దేశంలో ఇలాంటి ఆఫ్‌రోడ్ బండ్ల ప్రమాదాల్లో ఏటా వందల మంది చనిపోతున్నారు.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఉదాహరణకు టెక్సాస్‌లో ప్రభుత్వ భూముల్లో తిరగాలంటే, పాసింజర్ కోసం తయారుకాని ఏటీవీ మీద రెండో మనిషిని ఎక్కించకూడదు. సెలవుల్లో బండి అద్దెకు తీసుకునే ముందు ఆ రాష్ట్రం రూల్ చూసుకోవడం మంచిది.

మన దగ్గర ఆన్‌లైన్‌లో పెట్రోల్‌తో నడిచే మినీ ఏటీవీలు దొరుకుతున్నాయి. బర్త్‌డే గిఫ్ట్‌గా కొనేవాళ్లూ ఉన్నారు. అది బొమ్మ కాదు, ఇంజిన్ ఉన్న బండి. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని పబ్లిక్ రోడ్డు ఎక్కించడం చట్టరీత్యా నేరం. మైనర్ వాహనం నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులు లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల ఫైన్ పడొచ్చు. కాలనీ రోడ్డే కదా అని వదిలేయొద్దు.

టికెట్ తీసుకునే ముందు అడగాల్సినవి

కేంద్ర పర్యాటక శాఖ 2018లో తెచ్చిన అడ్వెంచర్ టూరిజం మార్గదర్శకాల్లో ఏటీవీ టూర్లు కూడా ఉన్నాయి. అంటే నిర్వాహకులను భద్రత గురించి అడగడం గొడవ పెట్టుకోవడం కాదు, అది మీ హక్కు. ఇవి అడగండి..

- ఈ బండి ఎంతమంది కోసం తయారైంది? స్టిక్కర్ చూపించండి.
- పిల్లల సైజు హెల్మెట్ ఉందా? గడ్డం కింద పట్టీ బిగించాక తలమీద కదులుతుంటే అది లేనట్టే.
- వెళ్లే ముందు బ్రేకులు, ఇంజిన్ ఆఫ్ స్విచ్ ఎక్కడున్నాయో నేర్పిస్తారా?
- ట్రాక్ ఒకే దిశలో వెళ్తుందా? ఎదురుగా బండ్లు వస్తాయా?
- ఫస్ట్ ఎయిడ్ ఉందా? దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం?

'ఏమన్నా జరిగితే మాకు సంబంధం లేదు' అని సంతకం చేయించుకునే కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టొద్దు. అక్కడి స్టాఫ్ 'ఏం కాదు సార్, అందరూ అలాగే వెళ్తారు' అన్నా సరే, స్టిక్కర్ మీద ఉన్న మాటే ఫైనల్.

పెద్దవాళ్లు ఒక్కరే వెళ్లినా హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు, ఫుల్ ప్యాంట్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఉండాలి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా చూసుకోవాలి. మందు తాగి ఎక్కకూడదు. ఒకరు రైడ్‌కు వెళ్తే ఇంకొకరు పిల్లలతో ట్రాక్ బయట ఉండాలి. ట్రాక్ పక్కన నిలబడి వీడియో తీసేవాళ్లూ ఫెన్సింగ్ వెనకే ఉండాలి.

పడిపోతే ఏం చేయాలి?

బండి పిల్లల మీద పడితే మొదట చేయాల్సింది బరువు తీయడం. చుట్టుపక్కలవాళ్లను పిలిచి వెంటనే బండి ఎత్తాలి. ఆ తర్వాత 108కు కాల్ చేయాలి. తల, మెడ కదిలించకూడదు. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ లాగేయొద్దు, ఆ పని వైద్య సిబ్బందికి వదిలేయాలి.

పైకి దెబ్బ కనిపించకపోయినా నిర్లక్ష్యం వద్దు. పొట్టకు హ్యాండిల్ తగిలితే లోపల లివర్‌కో, పేగులకో దెబ్బ తగలొచ్చు. దాని లక్షణాలు కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. వాంతులు, మత్తుగా ఉండటం, కడుపు నొప్పి, మూత్రంలో రక్తం, పిలిస్తే సరిగా పలకకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 'బండి హ్యాండిల్ పొట్టకు తగిలింది' అని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఏ స్కాన్ చేయాలో వాళ్లకు తెలుస్తుంది.

మరి పిల్లలు ఏడిస్తే?

ఏడుస్తారు. కాసేపే. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసేసిన బండి మీద కూర్చోబెట్టి ఫొటో తీయండి. హెల్మెట్ కూడా పెట్టండి, ఆ అలవాటు ఇప్పట్నుంచే రావాలి. అదే రిసార్టులో వాళ్ల వయసుకు తగ్గ ఆటలు ఉంటాయి. రౌండ్ వేయడానికి ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి. కాళ్లు అందే వయసు వచ్చేదాకా ఆగమని చెప్పడం పిల్లల సరదా చెడగొట్టడం కాదు.. వాళ్లను క్షేమంగా ఇంటికి తీసుకురావడం.