వదిలేసి పోగలిగిన దేశం

అమెరికాలో ఖాళీగా మిగిలిన బోడీ అనే ఊరి ఫొటోలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే, హైదరాబాదు గౌలిపురలో ఉండే మా చిన్నమ్మ ఫోన్ చేసి అడిగింది. “అంత ఊరు ఇడిసిపెట్టి యాడికి పోయిండ్రు బిడ్డా? మల్ల ఆ ఇండ్లల్ల ఇంకెవ్వలు దిగలేదా?” మా బస్తీలో గది ఖాళీ అయితే గోడల సున్నం ఆరకముందే కొత్త కిరాయిదారు సామాన్లు దింపుతాడు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషికి ఆ సందేహం రావడం న్యాయమే. అమెరికా చరిత్రలో పెద్ద భాగం ఆమె రెండో ప్రశ్నకే జవాబు.

కాలిఫోర్నియాలో తూర్పుకొసన, నెవాడా సరిహద్దు దగ్గర ఉంది బోడీ. ఎత్తు 8,375 అడుగులు. దారిలో చివరి మూడు మైళ్ళు కంకర రోడ్డు, కారు ఒళ్ళు హూనం. 1859లో బోడీ అనే మనిషి ఇక్కడ బంగారం కనిపెట్టి, ఆ చలికాలంలోనే మంచు తుఫానులో చనిపోయాడు. తర్వాత పదిహేనేళ్ళకు పైగా ఇదొక చిన్న పల్లె. 1876లో స్టాండర్డ్ కంపెనీకి మంచి ఖనిజం తగిలింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఏడెనిమిది వేల జనం, అరవైకి పైగా సారాకొట్లు. ఆ గుట్టల మీద చెట్టు మొలవదు. గనికీ ఇళ్ళకూ కావలసిన కలప కోసం 1881లో మోనో సరస్సుకు దక్షిణాన ఉన్న అడవి నుంచి 32 మైళ్ళ రైలు దారి వేశారు. తమాషా ఏమిటంటే, రైలు వచ్చేసరికే జనం మూటలు సర్దుకోవడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో షేర్లు అమ్ముకున్న కంపెనీల్లో చాలావాటికి ఖర్చు కూడా తిరిగిరాలేదు. ఆరిజోనాలో టూంస్టోన్, మోంటానాలో బ్యూట్ అని కొత్త ఊళ్ళ పేర్లు వినపడుతున్నాయి. అటు కదిలారు.

ఎందుకంత సులువుగా కదలగలిగారు? 1872 నాటి గనుల చట్టం చూడండి. ప్రభుత్వ భూమిలో ఖనిజం కనిపెట్టిన పౌరుడు గుంజలు పాతి, ఇది నాది అని నమోదు చేసుకోవచ్చు. రాయల్టీ అక్కర్లేదు. మార్పులతో ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది. ఒక గుట్ట వట్టిపోతే ఇంకో గుట్ట సిద్ధం. మరి అంత ‘ప్రభుత్వ భూమి’ ఎక్కడినుంచి వచ్చింది? 1846లో కాలిఫోర్నియాలో ఆదివాసులు సుమారు లక్షన్నర మంది. 1870ల తొలినాళ్ళకు ముప్పై వేలు. రోగాలతో, ఆకలితో పోయినవాళ్ళు పోగా, వేటకు బలైనవాళ్ళు వేలల్లో. ఆ దాడులకు వెళ్ళిన దండులకు రాష్ట్ర ఖజానా డబ్బులిచ్చింది. రాష్ట్ర గవర్నరు 2019లో దీన్ని జాతిహత్య అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. చిన్నమ్మకు అందుకే చెప్పాను: ముందు ఒకళ్ళను ఖాళీ చేయించబట్టే, తర్వాత వీళ్ళు ఊళ్ళకు ఊళ్ళే ఖాళీగా వదిలేసి పోగలిగారు.

బోడీ ఒక్కసారిగా చావలేదు. 1893లో స్టాండర్డ్ కంపెనీ 13 మైళ్ళ దూరంలోని జలవిద్యుత్తును తీగలమీద తెచ్చి మిల్లు నడిపింది. ఆ రోజుల్లో అది వింత. (మన పక్కన కోలారు గనులకు శివనసముద్రం కరెంటు వచ్చింది 1902లో, అంతకు ఏడు రెట్ల దూరం నుంచి. ఈ మాట అమెరికాలో నా మిత్రులకు చెబితే నమ్మరు.) 1932 అగ్నిప్రమాదంలో ఊళ్ళో చాలా భాగం కాలిపోయింది. 1942లో, యుద్ధానికి అక్కరలేదని బంగారు గనులు మూయించినప్పుడు మిగిలిన ప్రాణం పోయింది. 1962లో రాష్ట్ర పార్కు చేశారు. పాతవాటిని కొత్తగా చేయరు, పడిపోనివ్వరు. కప్పు కారితే బాగుచేస్తారు, రంగు మాత్రం వేయరు. అలా నిలిచినవి వందకు కాస్త ఎక్కువ కట్టడాలు.

ఫొటోలు తీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? చాలా ఇళ్ళలోకి పోనివ్వరు, కిటికీ బయటినుంచే తీయాలి. లెన్సు అంచును అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే మన నీడ పడదు. బల్ల, బడిలో గ్లోబు, అంగట్లో డబ్బాలు, అన్నీ దుమ్ముతో సహా ఉంటాయి. బండి కిరాయి సామాను విలువ కంటే ఎక్కువయ్యేదట, అందుకే వదిలేశారు. పొద్దున్న ఏటవాలు ఎండలో గోడచెక్కల గీతలు ఉబ్బి కనిపిస్తాయి. మధ్యాహ్నం అంతా చదును. నేల మీద తుప్పు మేకు కూడా తీయకూడదు. తీసినవాళ్ళను శాపం వెంటాడుతుందని ఒక పుకారు. తీసుకుపోయినవి క్షమాపణ ఉత్తరాలతో వెనక్కి పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అయితే ఈ అందం మోసకారి. మిగిలిన కట్టడాలనే మనం తీస్తాం, అవే చరిత్ర అనుకుంటాం. బోడీలో చైనావాళ్ళు కొన్ని వందల మంది ఉండేవారు. బట్టలుతికారు, కూరగాయలు, కట్టెలు అమ్మారు, తమ గుడి కట్టుకున్నారు. వాళ్ళ వీధిలో ఇప్పుడు తీయడానికి దాదాపు ఏమీ లేదు. 1881లో రైలు పనికి చైనా కూలీలను పెట్టారని బోడీ గనికార్మికులు గుంపుగా దాడికి బయల్దేరితే, కంపెనీ ఆ కూలీలను మోనో సరస్సు మధ్యనున్న పావోహా దీవికి తరలించి కాపాడింది. మరుసటి ఏడే చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం వచ్చింది. ఆ గోడ క్రమంగా మన దాకా పెరిగింది. 1917లో ఆసియాలో ఎక్కువ భాగానికి వలస మూసేశారు, భారతీయులు పౌరసత్వానికి తగరని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రోజుల్లోనే మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. ఎన్నో మందులకు దారి వేసిన ఆయన 1948లో చనిపోయేదాకా అమెరికా పౌరుడు కాలేదు. నాలాంటివాళ్ళకు తలుపు తీసింది 1965 చట్టం. బోడీ చెక్కగోడల ముందు నిలబడ్డప్పుడు ఇది గుర్తుంచుకోవడం నాకు మర్యాద.

మన దగ్గర గని మూతపడితే ఊరు ఇలా ఖాళీ కాదు. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తెలుగు, తమిళ కార్మికుల కుటుంబాలు ఎన్నో అక్కడే ఉన్నాయి, పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో పనికి పోతారు. పోవడానికి వాళ్ళకు ఇంకో గుట్ట ఎవరూ చూపించలేదు. ఊరు పోతే, ఫొటోకు కూడా ఏమీ మిగలదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని చూడండి: 17వ శతాబ్దంలో అరవై వేల మంది పనిచేస్తున్నారని టావెర్నియే రాశాడు. ఆ చోటు నేడు పులిచింతల జలాశయం నీళ్ళకింద ఉంది.

గౌలిపురది ఇంకో కథ. హైదరాబాదు కోటగోడకు పదమూడు దర్వాజలుండేవి, గౌలిపుర దర్వాజ అందులో ఒకటి. పురానాపూల్, దబీర్‌పురా తప్ప అన్నీ పోయాయి. ఆరో నిజాం కాలపు నగరం ఎలా ఉండేదో మనకు తెలుస్తున్నదంటే రాజా దీన్‌దయాళ్ కెమెరా పుణ్యమే చాలావరకు. ఆయన ఎక్కువగా మహళ్ళను తీశాడు, గౌలిపుర లాంటి పాలవాళ్ళ గల్లీలను కాదు. మన ఇళ్ళు బిల్డరుకు పోతాయి, మూడంతస్తులవుతాయి, పదేళ్ళకు పాత గడప ఎక్కడుండేదో మనకే తెలియదు. కూల్చొద్దని చెప్పే హక్కు దూరాన ఉన్న నాకు లేదు. ఒక్కటి మాత్రం చేయండి. కూల్చే ముందు దర్వాజ, అర్రలు, దూలాలు, వాకిలి పగటి వెలుతురులో ఫోన్‌తోనే తీయండి. ఇంట్లోవాళ్ళను, కిరాయికున్నవాళ్ళను కూడా నిలబెట్టి తీయండి. తేదీ, ఇంటి నంబరు, ఎవరెవరు ఏ పని చేసుకుని బతికారో కింద రాసిపెట్టండి.