కారన్‌వాలీస్‌ను ఓడించిన సైన్యానికి వండిపెట్టిన సారా

కారన్‌వాలీస్ పేరు మనలో పదో తరగతి దాకా చదివిన వారందరికీ గుర్తుండే ఉంటుంది. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన గవర్నర్ జనరల్ ఆయనే. అదే పద్ధతిని 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాల్లో కూడా అమలు చేశారు. భూమి జమీందారుదై, దున్నేవాడు శిస్తు కట్టలేక అప్పులపాలైన కథ అది.

ఆ కారన్‌వాలీసే ఇండియాకు రాకముందు అమెరికాలో బ్రిటిష్ సేనాపతిగా పనిచేశాడు. 1781 అక్టోబరు 19న వర్జీనియాలోని యార్క్‌టౌన్ అనే ఊళ్ళో తన సైన్యంతో సహా లొంగిపోయాడు. అమెరికాకు స్వాతంత్ర్యం ఖాయం చేసిన రోజు అది. గెలిచిన వాళ్ళలో జార్జి వాషింగ్టన్ పేరు, సాయానికి వచ్చిన ఫ్రెంచి సేనాపతుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోజు ఆ కందకాల వెనుక రొట్టె, మాంసం, కాఫీ మోసిన ఒక ఆడమనిషి గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆమె సిపాయి భార్య. తర్వాత ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా చూసుకోవలసి వచ్చిన తల్లి. పేరు సారా ఆస్‌బర్న్.

సారా 1756లో పుట్టింది. ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని బ్లూమింగ్ గ్రోవ్. వయసు వచ్చాక ఆల్బనీ పట్నంలో ఒక కమ్మరి ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆ కొలిమికి పనికోసం వచ్చాడు ఆరన్ ఆస్‌బర్న్. అతనూ కమ్మరే, అప్పటికే సైన్యంలో పనిచేసినవాడు. 1780 జనవరిలో ఇద్దరికీ పెళ్ళయింది. పెళ్ళయిన తర్వాత గానీ అతను అసలు సంగతి చెప్పలేదు. యుద్ధం ముగిసేదాకా పనిచేస్తానని మళ్ళీ సైన్యంలో సంతకం పెట్టి ఉన్నాడట. నువ్వు కూడా నాతో రావాలి అని పట్టుబట్టాడు. సారా వెంటనే ఒప్పుకోలేదు. బండో గుర్రమో, ప్రయాణానికి ఏదో ఒకటి ఏర్పాటు చేస్తామని మాట ఇచ్చాకనే బయలుదేరింది. ఏజెంటు చెప్పిన మాట నమ్మి విమానం ఎక్కిన మనవాళ్ళకు ఈ జాగ్రత్త విలువ బాగా తెలుసు.

ఆ రోజుల్లో సైన్యం అంటే తుపాకులు పట్టిన మగవాళ్ళు మాత్రమే కాదు. సిపాయిల భార్యలు, పిల్లలు కూడా వెంట నడిచేవారు. ఇంటి దగ్గర ఉంటే తిండి లేదు. ఊరు శత్రువు చేతిలో పడితే నిలువ నీడ లేదు. మగవాడి జీతం నెలల తరబడి వచ్చేది కాదు, వచ్చినా ఆ కాగితపు డబ్బుకు బజారులో విలువ పోయింది. జీతాలు రాక 1781 జనవరిలో పెన్సిల్వేనియా దళాలు తిరగబడ్డాయి కూడా. అందుకని ఆడవాళ్ళు సైన్యంతోనే ఉండి బట్టలు ఉతికేవారు, చిరిగినవి కుట్టేవారు, వండేవారు, గాయపడ్డవారికి సేవ చేసేవారు. ఉతికిన బట్టకు ఇంత అని కొన్ని దళాల్లో రేటు కట్టేవారు. దానికి తోడు రోజుకింత రేషను. అంతే వారి సంపాదన.

వీరంటే వాషింగ్టన్‌కు మొదట్లో విసుగే. ఆడవాళ్ళు, ముఖ్యంగా గర్భిణులు, పిల్లల తల్లులు సైన్యం నడకకు గుదిబండలాంటివారని 1777లో ఆజ్ఞాపత్రంలోనే రాయించాడు. ఆ ఏడాది ఆగస్టులో సైన్యం ఫిలడెల్ఫియా వీధుల్లో దర్జాగా కవాతు చేస్తే, ఆడవాళ్ళు ఆ వరుసలో కనబడకూడదని వేరే దారిన పంపారు. కానీ ఆరేళ్ళు తిరిగేసరికి అదే వాషింగ్టన్ ఇంకో మాట రాయవలసి వచ్చింది. న్యూయార్క్ దళాల్లో స్త్రీలు, పిల్లలు ఎక్కువగా ఉన్నారని, వారికి అదనంగా రేషను ఇవ్వకపోతే సైన్యంలోకెల్లా పాతవాళ్ళు, మంచి సిపాయిలు పారిపోతారని 1783 జనవరిలో ఖజానా చూసే అధికారికి ఉత్తరం రాశాడు. సారా భర్త పనిచేసింది ఆ న్యూయార్క్ దళాల్లోనే. వెనుక ఉన్న ఆడది తింటేనే ముందున్న మగవాడు నిలబడతాడని సేనాపతికి అప్పటికి తెలిసివచ్చింది.

సారా, ఆరన్ హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్ కోటలో దాదాపు ఏడాదిన్నర ఉన్నారు. ఈ కాలంలో జరిగిన ఒక సంగతి ఆమె తర్వాత చెప్పింది. ఒక రాత్రి బరువైన ఫిరంగులు ఎక్కించే పని పడింది. ఆరన్ కాపలా డ్యూటీలో ఉన్నాడు. పని తొందరగా తెమలాలంటే అతనూ చెయ్యి వేయాలి. అప్పుడు సారా అతని పెద్ద కోటు తొడుక్కుని, తుపాకి పట్టుకుని అతని చోట కాపలా నిలబడింది. అటుగా వచ్చిన వాషింగ్టన్ ఆమెను పోల్చి, నిన్నిక్కడ ఎవరు పెట్టారు అని అడిగాడట. పెట్టే అధికారం ఉన్నవాళ్ళే పెట్టారండీ అని ఆమె జవాబు.

1781 వేసవి చివర్లో సైన్యం ఒక్కసారిగా దక్షిణానికి కదిలింది. కారన్‌వాలీస్ యార్క్‌టౌన్‌లో ఉన్నాడు, ఫ్రెంచి ఓడలు సముద్రం వైపు దారి మూస్తాయి, నేల వైపు మనం మూయాలి అన్నది ఎత్తు. న్యూయార్క్ దగ్గరి నుంచి యార్క్‌టౌన్‌కు నాలుగు వందల మైళ్ళ పైమాటే. సారా కొంత దూరం గుర్రం మీద, కొంత బండిలో, కొంత కాలినడకన, కొంత ఓడలో సాగింది. ఫిలడెల్ఫియాలో క్వేకర్ మతానికి చెందిన స్త్రీలు ఆమెను చూసి జాలిపడి, ఇక్కడే ఉండిపో అన్నారు. భర్త ఒప్పుకోలేదు. ఈ ప్రయాణంలోనే సెప్టెంబరు నెలలో సైన్యానికి ఒక నెల జీతం వెండి నాణేలుగా ఇచ్చారు. ఫ్రెంచివారి దగ్గర అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు అది.

ఆమెతోపాటు మరో ముగ్గురు ఆడవాళ్ళు నడిచారు. ఒకరు లెఫ్టినెంటు భార్య, ఒకరు సార్జెంటు భార్య. మూడో ఆమె నల్లజాతి స్త్రీ, పేరు లెట్టా. భర్తల హోదాను బట్టి మొదటి ఇద్దరూ మనకు తెలుస్తారు. లెట్టాకు ఆ పేరొక్కటే మిగిలింది. అదైనా సారా గుర్తుపెట్టుకుని చెప్పబట్టే మిగిలింది.

సెప్టెంబరు 28న ముట్టడి మొదలైంది. కందకాల వెనుక సారా ఉతికింది, కుట్టింది, మిగతా ఆడవాళ్ళతో కలిసి వండింది. వండినదాన్ని కందకాల్లో తవ్వుతూ, కాలుస్తూ ఉన్న మనుషులకు స్వయంగా మోసుకెళ్ళింది. మాంసం, రొట్టె, పెద్ద పాత్రలో కాఫీ. ఒకసారి అలా వెళ్తుంటే వాషింగ్టన్ ఎదురై, ఫిరంగి గుండ్లంటే భయం లేదా అని అడిగాడు. ఉరికొయ్యకు పోవలసినవాళ్ళని గుండు తీసుకుపోదులెండి అని నవ్వులాటగా అన్నదట. ఆ వెంటనే, కొట్లాడేవాళ్ళు పస్తులుండి కూడా కొట్లాడాలంటే ఎలాగండీ అన్నదట. మెస్సులో పొయ్యి వెలగకపోతే మర్నాడు సైటు పని ఎలా సాగుతుందో తెలిసిన మనకు ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

అక్టోబరు 19న ఓడిన సైన్యం ఆయుధాలు దించడానికి బయటికి వచ్చింది. కారన్‌వాలీస్ ఒంట్లో బాగాలేదని చెప్పి తాను రాకుండా కింది జనరల్‌ను పంపాడు. బ్రిటిష్‌వారి డప్పులకు నల్లగుడ్డలు కట్టి ఉండటం, ఆ జనరల్ చెంపల మీద కన్నీళ్ళు కారడం రోడ్డు పక్కన నిలబడి సారా చూసింది. ఇంకొకటి కూడా చూసింది. ఆ శిబిరం చుట్టూ నల్లజాతి వారి శవాలు పడి ఉన్నాయి. స్వేచ్ఛ దొరుకుతుందని తోటల యజమానుల దగ్గర నుంచి పారిపోయి బ్రిటిష్‌వారిని నమ్ముకుని వచ్చిన బానిసలు చాలామంది ఆ ఊళ్ళో ఉన్నారు. మశూచి సోకింది, తిండి తరిగిపోయింది. బ్రిటిష్‌వారు వాళ్ళను బయటికి నెట్టేశారు. విజయోత్సవం రాసినవాళ్ళు చాలామంది ఈ శవాలను రాయలేదు. సారా మాత్రం చెప్పడం మానలేదు.

యుద్ధం ముగిసింది. 1783లో సైన్యాన్ని రద్దు చేసి సిపాయిలను ఇళ్ళకు పంపారు. సారాకు ఇద్దరు పిల్లలు. కూతురు ఫీబీ, కొడుక్కి తండ్రి పేరే, ఆరన్. కొడుకు నెలల పిల్లవాడిగా ఉండగానే భర్త ఇల్లు వదిలి వెళ్ళాడు. ఇంకో పిల్లను పెళ్ళాడాడని కబురు వచ్చింది. చెప్పుడు మాట నమ్మి ఏడుస్తూ కూర్చోలేదు సారా. గుర్రం సంపాదించి ఆ ఊరికి తానే వెళ్ళింది. పెళ్ళికూతురి తండ్రి ఇంట్లోనే అతను కనిపించాడు. కబురు నిజమే. తిరిగి వచ్చేసింది. యార్క్‌టౌన్ దాకా వదలకుండా వెంట తీసుకెళ్ళిన మనిషి, బిడ్డలు పుట్టాక వదిలేశాడు.

1787లో సారా జాన్ బెంజమిన్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. తర్వాత వారి కాపురం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ప్లెజెంట్ మౌంట్ అనే పల్లెకు మారింది. ఆయన కూడా ముందే పోయాడు.

1836లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన సిపాయిల భార్యల్లో భర్త పోయినవారికి పింఛను ఇస్తామన్నది. షరతు ఏమిటంటే, భర్త సైన్యంలో పనిచేస్తుండగానో అంతకుముందో పెళ్ళయి ఉండాలి. 1837 నవంబరు 20న సారా కోర్టుకు వెళ్ళి వాంగ్మూలం ఇచ్చింది. అప్పటికి ఆమెకు 81 ఏళ్ళు నిండి మూడు రోజులు. ఇంతదాకా మీరు చదివిన ఆమె కథలో చాలా భాగం ఆ వాంగ్మూలంలో ఉన్నదే. పింఛను మంజూరైంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పింఛను దేనికి ఇచ్చారు? ఉతికినందుకు కాదు, వండినందుకు కాదు, గుండ్ల మధ్య కాఫీ మోసినందుకు కాదు, రాత్రిపూట తుపాకి పట్టి కాపలా ఉన్నందుకూ కాదు. ఆరన్ ఆస్‌బర్న్ భార్య అయినందుకు. పిల్లల్ని వదిలిపోయిన ఆ మనిషి పేరు మీదనే ఆమెకు డబ్బు వచ్చింది. ఆమె చేసిన పనికి ఆ దరఖాస్తులో గడి లేదు. అడగకపోయినా ఆమె చెప్పింది, కోర్టులో ఎవరో కూర్చుని ఓపికగా రాసుకున్నారు. రోజంతా ఫారాలు నింపే మాలాంటి గుమాస్తాలు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది. గడిలో పట్టని మాట కూడా రాసుకుంటే ఒక్కోసారి చరిత్ర దక్కుతుంది.

సిపాయి భార్య కథ మనకు ఎందుకు అనుకోవద్దు. మనం సైన్యంలో లేము గానీ మన ఇళ్ళు సిపాయి ఇళ్ళలాగే నడుస్తున్నాయి. రెండేళ్ళకోసారి సెలవు. ఆ మధ్యలో కరీంనగర్‌లోనో, కడపలోనో, గోదావరి జిల్లాలోనో ఉన్న ఇల్లాలు నాట్లకు పోతుంది, బీడీలు చుడుతుంది, పిల్లల ఫీజు కడుతుంది, అత్తమామల్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంది, అప్పులవాడికి జవాబు చెబుతుంది. మనం పంపిన డబ్బుకు రసీదు ఉంటుంది. ఆమె చేసిన పనికి రసీదు ఉండదు.

ఆమె పనికి లెక్క కట్టడం మన ఒక్కరి చేతిలో లేదు. ఆమె పేరు కాగితం మీదకు ఎక్కించడం మాత్రం మన చేతిలో ఉంది. 2002 నుంచి మన రాష్ట్రంలో పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం ఉంది, రాష్ట్రం రెండయ్యాక కూడా ఆ అవసరం పోలేదు. పెళ్ళి పత్రం లేనివాళ్ళు ఈసారి సెలవులో చేయించుకోండి. పాస్‌పోర్టులో భార్య పేరు ఉందో లేదో చూసుకోండి. ఇమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చినవాళ్ళకు 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. అందులో నామినీగా ఎవరి పేరుందో, కంపెనీ ఫారంలో ఎవరి పేరు రాశారో కనుక్కోండి. పెళ్ళికి ముందు నాన్న పేరో అన్న పేరో రాసి అలాగే వదిలేసినవాళ్ళు మనలో తక్కువేమీ కాదు.

సారా నూరేళ్ళు దాటి బతికింది. తన కథ తానే చెప్పుకునే ఆయుష్షు ఆమెకు దక్కింది, వినేవాళ్ళు దొరికారు. లెట్టాకు ఆ రెండూ దొరికినట్టు లేదు. వచ్చే శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడిగాక, ఈ వారం నువ్వు ఏమేం పనులు చేశావు అని కూడా అడగండి. తీరిగ్గా వినండి.