మెస్సీ వచ్చినంక వచ్చిన రూలు
అన్నలారా, రూములో అందరం కూడి మెస్సీ ఆట చూస్తాం గదా. 2000లో 13 ఏళ్ల పిల్లాడిగా అర్జెంటీనా నుంచి బార్సిలోనాకు వచ్చిండు. మరుసటేడు 2001లో ఫిఫా రూలు పెట్టింది: 18 నిండనిదే ఆటగాణ్ణి దేశం దాటించొద్దని. ఆయన వల్ల కాదు. ఆఫ్రికా పిల్లలకు ఆశపెట్టి ఏజెంట్లు యూరప్ తీసుకపోయేవాళ్లు, సెలక్షన్ కాకుంటే రోడ్డుమీద వదిలేసేవాళ్లు. ఏజెంటంటే ఏందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

యూరప్ లోపలివాళ్లకు మాత్రం 16కే సడలింపు ఇచ్చిండ్రు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పనికి వలసపోతే వెంట ఉన్న పిల్లలకూ మినహాయింపే. కొన్ని క్లబ్బులు దీన్ని పట్టుకొని, నాన్నకు ఉద్యోగం చూపి కొడుకును తెచ్చుకున్నయి. మన జీతాలకైతే ఫ్యామిలీ వీసానే రాదు!

2014లో ఈ రూలు తప్పినందుకు ఒక పెద్ద క్లబ్బుకు శిక్ష పడింది, రెండు ట్రాన్స్‌ఫర్ విండోలు కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని. ఆ క్లబ్బు బార్సిలోనానే.