ఫోలిక్ ఆమ్లము – ప్రేగుల కాన్సరు

నోరు పూయుట, ఎడతెగని విరేచనాలు, అన్నం చూచినచో వెగటు, నానాటికి బరువు తగ్గుట: గ్రహణి వంటి స్ప్రూ వ్యాధి లక్షణాలివి. 1895లో భీమవరంలో జన్మించి రాజమహేంద్రవరంలో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ వ్యాధికే బలియైనారు. పెద్దప్రేగు కాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మందులు పుచ్చుకొనే రోగులు పలువురిలో కూడ ఈ బాధలే కనబడుతాయి. ఈ పోలిక కాకతాళీయం కాదు.

సుబ్బారావు అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఆయన నాయకత్వాన 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. ఆకుకూరలలోను, కాలేయంలోను ఫోలేటు రూపంలో లభించే ఈ విటమిన్ లేనిదే కణం కొత్త డి.ఎన్.ఏ.ను నిర్మించుకొనలేదు. ప్రేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి మారిపోతూ ఉంటుంది. అందువల్ల విటమిన్ కొరత అక్కడ, నోటిలో, రక్తంలో త్వరగా బయటపడుతుంది. స్ప్రూ రోగులకు ఈ మందు మేలు చేసినది.

తరువాత అదే సంస్థలో ఈ విటమిన్‌ను పోలియుండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ తయారైనది. 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని వాడగా కొందరు బాలలలో రక్త కాన్సరు తాత్కాలికంగా తగ్గినది. ఆ యేడే సుబ్బారావు మరణించారు. 1957లో హైడెల్‌బర్గర్ బృందం ప్రకటించిన ఫ్లోరోయురాసిల్ కూడ ఫోలేటుతో పనిచేసే ఒక ఎంజైమునే పట్టి బంధిస్తుంది. విచిత్రమేమనగా, ల్యూకోవొరిన్ అనే ఫోలేటును జతచేస్తే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. ప్రేగుల కాన్సరుకు ఈ జంటనే వాడుతున్నారు. కనుక బలానికని ఫోలిక్ ఆమ్లం మాత్రలు వైద్యునికి చెప్పక మింగరాదు. మందు దుష్ఫలితాలు తీవ్రం కావచ్చును. కూరలోని తోటకూర వేరు, మాత్ర వేరు.

మందుకు కాన్సరు కణమని, ప్రేగు కణమని భేదం లేదు. నోరు పూసినవారికి ఆవకాయ ముద్ద నిప్పువలె తగులుతుంది. గోదావరి సీమ వారికి అది లేని భోజనం చప్పనే! అయినను ఆ నాళ్ళలో మెత్తని అన్నం, ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప కొద్దికొద్దిగా పలుమార్లు తినుట మంచిది. విరేచనాలైతే ఉప్పు వేసిన గంజి త్రాగాలి. అవి ఆగకున్నచో వెంటనే వైద్యునికి తెలుపాలి. మాంసకృత్తులు చాలకున్నచో కండ కరుగుతుంది. అప్పుడు స్నానం, మెట్లెక్కుట సైతం భారమవుతాయి. మందు మోతాదు తగ్గించవలసి రావచ్చును. రోజంతా పడుకొనుటకంటె ఓపికకొలది వాకిట నడచుట మేలు.

2004 తరువాత ఈ చికిత్సలో ఆక్సాలిప్లాటిన్ కూడ విరివిగా చేరినది. దీనివల్ల వ్రేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకొనుట కూడ కష్టమవుతుంది. చల్లనిది తగిలితే గొంతు పట్టేసినట్లుంటుంది. ఆ దినాలలో కుండలోని నీటిని కూడ గోరువెచ్చగా కాచి త్రాగాలి.