నాయుడుపేట నుంచి డర్బన్ దాకా: అందరూ ఒకే నాయుళ్ళేనా?

ఫోన్‌లో నాయుడు అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. చివర 'యు' పెడితే సరోజినీ నాయుడు, చెన్నై టి.నగర్‌లోని నాయుడు హాల్ బట్టల కొట్టు, స్వర్ణముఖి ఒడ్డున మన నాయుడుపేట వస్తాయి. 'యు' తీసేసి రెండు 'ఓ'లు పెట్టండి, దక్షిణాఫ్రికా వచ్చేస్తుంది! మండేలా మంత్రివర్గంలో పనిచేసిన జే నాయుడూ, గ్రీన్‌పీస్‌ను నడిపిన కుమీ నాయుడూ అక్కడివాళ్ళే.

అయితే వీళ్ళంతా చుట్టాలా? కాదండీ. అసలు నాయుడు ఇంటిపేరే కాదు. నాయకుడు అన్న మాట నుంచి వచ్చిన బిరుదు. కమ్మ, బలిజ, వెలమ, కాపు, ఎవరైనా పెట్టుకున్నారు. మన అసలు ఇంటిపేరు ముందు ఉంటుంది. వెంకయ్య నాయుడు గారిది ముప్పవరపు. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు కెప్టెన్ సి.కె. నాయుడు గారిది కొఠారి. సరోజినీ గారైతే పుట్టుకతో బెంగాలీ, చట్టోపాధ్యాయ. పెళ్ళితో నాయుడు అయ్యారు.

ఇప్పుడు అసలు విషయం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు అందులో ఉన్నారు. 1911 దాకా అలా సుమారు 1,52,000 మంది నాటాల్‌కు వెళ్ళారు. తెలుగువాళ్ళు, తమిళులు, ఉత్తరాదివాళ్ళు, అందరూ. తెల్లవాళ్ళ కాగితాలకు చివర ఒక సర్‌నేమ్ కావాలి. మనవాళ్ళ చివర ఉన్నది బిరుదు. అదే తరతరాలకూ అంటుకుంది, ముందున్న ఇంటిపేరు చాలామందికి జారిపోయింది. నాకు బాధనిపించేది ఇక్కడే. ఇంటిపేరు ఉంటే ఊరు వెతకొచ్చు, వంశం వెతకొచ్చు. ఒట్టి నాయుడూతో ఏం వెతుకుతాం?

ఒక దారి మాత్రం ఉంది. వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చారు. ఓడ రిజిస్టర్లో ఆ నంబర్ పక్కన తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాశారు. మనిషిని నంబర్ చేయడం ఎంత దారుణమో, ఇవాళ మునిమనవలకు ఆధారం కూడా అదే! ఊరిపేర్లు మాత్రం గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి. కళ్ళతో చూస్తే అర్థం కావు. నాయుడుపేట, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు వాళ్ళు పైకి చదివితే ఒక్కోసారి, "అరె, ఇది మా పక్క ఊరే" అని తట్టొచ్చు. అక్కడి నుంచి ఎవరైనా మీకు మెసేజ్ పెడితే, ముందు ఆ నంబర్ అడగండి.