శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వయోజనుల నివాస తీరు

ఉత్తర కోస్తా ఆంధ్రలోని ఈ రెండు జిల్లాల్లో ఎవరు ఎవరితో కలిసి ఉంటారన్నది వయసును బట్టే కాదు, వలసను బట్టీ మారుతుంది. 2011 జనగణనలో వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది స్త్రీలు తేలారు. పనుల కోసం మగవారు ఊరు విడవడం ఇందుకు ఒక కారణం.

ఇరవైల్లో ఉన్న యువకులు చాలామంది విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నైలలో నిర్మాణ పనులు చేస్తూ నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకుంటారు. పెళ్లయితే భార్య సాధారణంగా అత్తవారింట ఉంటుంది. గుజరాత్‌లోని వీరావల్ మరపడవల మీదకు వెళ్లిన శ్రీకాకుళం మత్స్యకారులు వేసవికి గానీ తిరిగిరారు. అన్నాళ్లూ సంసారం అత్తాకోడళ్లదే.

నడివయసులో అన్నదమ్ములు వేరుపడతారు. వేరుపడటమంటే ఇల్లు మారడమే కానక్కర్లేదు, వసారాలో మరో పొయ్యి వెలిగితే చాలు. జనగణన ఒకే వంట తినేవారిని ఒక కుటుంబంగా లెక్కిస్తుంది కనుక ఒక కప్పు కిందే రెండు కుటుంబాలు నమోదవుతాయి. కొడుకు గోడ పక్కనే ఉన్నా, విడిగా వండుకునే తల్లి ఏకవ్యక్తి కుటుంబమే. ఏకవ్యక్తి కుటుంబాల లెక్కతో ఒంటరితనాన్ని కొలవడం పొరపాటు.

అరవై దాటినవారిలో కొందరు కొడుకుల ఇళ్లలో వంతులవారీగా తింటారు, కొందరు వలసవెళ్లిన బిడ్డల పిల్లలను సాకుతారు. 2024లో నెలకు 4,000 రూపాయలకు పెరిగిన వృద్ధాప్య పింఛను సొంత పొయ్యికి కొంత ఆసరా. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి వల్ల నడివయసులోనే భర్తను పోగొట్టుకుని ఇంటి పెద్దలైన స్త్రీలూ ఉన్నారు.